ఐదు నుంచి ఆరు దాకా దెబ్బలు

ఆ మూడంతస్తుల మేడలో ఆవిణ్ణి అందరూ దెబ్బల పిన్ని అంటారు. ఎదురుపడితే పిన్నిగారూ అనే పిలుస్తారు గానీ, వెనక మాత్రం దెబ్బల పిన్నే. చిత్రమేమిటంటే ఆవిడ జన్మలో ఎవరినీ కొట్టి ఎరగదు. కానీ గత ముప్ఫై ఏళ్ళలో ఏ సినిమాలో ఏ హీరో ఏ రౌడీ దవడ పగలగొట్టినా, ఆ పగిలిన చప్పుడు చాలావరకు పిన్ని చేతిదే. తెరమీద పిడికిలి దవడకి జానెడు దూరంలోనే ఆగిపోతుంది. దానికి దెబ్బ అతికించేది రికార్డింగు థియేటర్లో మైకు ముందు పీట వేసుకుని కూచునే పిన్ని.

ఆవిడ సరంజామా చూస్తే నవ్వొస్తుంది. కడుపులో గుద్దులకి దూది కుక్కిన పాత తోలుసంచీ. చెంపదెబ్బలకి తడి తువ్వాలు. ఎముక విరగాలంటే గుడ్డలో చుట్టిన నాలుగు క్యారెట్లు. తల పగలాలంటే క్యాబేజీ. పగిలిన తలని పారెయ్యడానికి మనసొప్పక సాయంత్రం ఇంటికి తెచ్చి కూర వండుకుంటుంది. "విలన్ని తినేస్తున్నావన్నమాట" అని మొగుడు బతికున్నప్పుడు ఏడిపించేవాడు.

ఈ విద్య ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయనకి మణికట్టు అరిగిపోయి చెయ్యి లేవని రోజుల్లో, పక్కన కూచుని ఆయన బదులు ఈవిడ కొట్టింది. ఏడాది పాటు ఎవరికీ తెలియలేదు. తెలిశాక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. "నిజం దెబ్బకి గొంతుండదే. మనమే ఇవ్వాలి. ఉలిక్కిపడేలా వినపడిందే దెబ్బ" అనేవాడాయన. పిన్నికి ఆ మాట వేదవాక్కు.

థియేటరుకి గంటల లెక్కన అద్దె. అక్కడ కూచుని ప్రయోగాలు చేస్తే నిర్మాత ఊరుకోడు కాబట్టి, ఏ వస్తువు ఎలా మోగుతుందో ఇంట్లోనే చూసుకుని వెళ్తుంది. మూడో అంతస్తులో ఆవిడ పోర్షన్లో చివరి చిన్నగది అందుకే ఉంది. ఆ గదికీ పక్క పోర్షను పడగ్గదికీ మధ్య ఒకటే గోడ.

పక్క పోర్షన్లోకి నాలుగు నెలల కిందట డ్రైవింగు మాస్టారు, చిన్నపిల్లలాంటి ఆయన భార్య దిగారు. మాస్టారు కారు నేర్పుతాడు, సాయంత్రం క్లాసుకీ క్లాసుకీ మధ్య ఒక గంట ఇంటికొచ్చి వెళ్తాడు. మెత్తటి మనిషి, మడత నలగని చొక్కా. మెట్లమీద ఎదురైతే పిన్ని చేతిలో సంచీ అందుకుని పైదాకా మోసుకొచ్చేవాడు. ఆ పిల్ల చొక్కాల ఫ్యాక్టరీ వాళ్ళకి ఇంట్లోనే మిషను మీద కాజాలు కుట్టి, గుండీలు వేసేది. ఉన్నదా లేదా అన్నట్టుండేది. ఒక్కసారి మాత్రం పగిలిన గుండీలు ఒక డబ్బాడు తెచ్చి, "ఇవి మీకేమైనా పనికొస్తాయా పిన్నీ?" అని అడిగింది. పిన్ని వాటిని గచ్చుమీద గుప్పెడు రాల్చి, "ఇదిగో, విలన్ పళ్ళు ఊడిపోయాయి" అంది. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. నవ్వుతూనే గోడవైపు చూసి చటుక్కున ఆగిపోయింది. పిన్ని అది చూసింది. కానీ చూసిందల్లా పట్టించుకుంటే ఇక బతుకేం సాగుతుంది?

రెండు నెలల కిందట మేడవాళ్ళంతా కింద వరండాలో సమావేశమయ్యారు. పెట్టించింది పెద్ద టీచరు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరై పదేళ్ళయింది గానీ, ఆవిడ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"పిల్లలు మెట్లమీద డిష్యుం డిష్యుం అంటూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గుద్దుకుంటున్నారు. నిన్న ఒకడికి పెదవి చిట్లింది. ఎక్కడ నేర్చుకున్నారు? సినిమాల్లో! ఆ సినిమాలకి చప్పుడెక్కణ్ణుంచి పోతోంది? మన మూడో అంతస్తులోంచి!" అంది.

మందుల షాపాయన అడ్డొచ్చాడు. "టీచరుగారూ, మా తాత జన్మలో సినిమా హాలు మెట్లెక్కలేదు. మా నాన్నని బెల్టు తిరగేసి వాయించేవాడు. అది ఏ సినిమా చూసి నేర్చుకున్నాడంటారు?"

అందరూ నవ్వారు. టీచరు నవ్వలేదు.

"మీ తాత కొడితే పక్కింటివాళ్ళు ఈలలేశారా? లేదు కదా! ఇప్పుడు హాల్లో ఒకడు ఇంకొకణ్ణి చావగొడుతుంటే వెయ్యిమంది ఈలలేస్తున్నారు. కొట్టడమంటే మగతనం అనుకునేవాడు రేపు ఇంటికొచ్చి ఎవరిమీద చూపిస్తాడు?"

పిన్నికి తలకొట్టేసినట్టయింది. "నేను చప్పుడు చేస్తానండీ. దెబ్బ నేను కొట్టను" అంది మెల్లగా.

"నా బాధా అదేనమ్మా. నీ చప్పుడు బావుంటుంది. దెబ్బంటే అంత బావుండకూడదు" అంది టీచరు.

ఇంట్లో ఆ పని మానేస్తే చేతికొచ్చిన సినిమాలు పోతాయి. అప్పుడు మాస్టారు లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను సినిమాలు చూడనండీ. ఆ నరుకుడూ చంపుడూ నాకు పడవు. కానీ పెద్దావిడ, రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి. ఎప్పుడు పడితే అప్పుడు కాకుండా ఒక టైము పెట్టేస్తే సరి. సాయంత్రం ఐదు నుంచి ఆరు. ఆ గంటలో పైనుంచి చప్పుడొస్తే పిన్నిగారిదే అనుకుని మన పని మనం చూసుకుందాం."

అంతా సరేనన్నారు. మాస్టారే ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ సంగతి కాగితం మీద రాసి, మెట్ల దగ్గర బోర్డుకి అతికించాడు. పిన్నికి కళ్ళు చెమర్చాయి. సొంత తమ్ముడు కూడా ఇలా వెనకేసుకు రాడనుకుంది.

ఆ కాగితం అతికించిన నెలన్నరకి గోడ అవతల నుంచి కొత్త చప్పుడు మొదలైంది.

రోజూ కాదు. రెండు మూడు రోజులకోసారి, ఐదింటికీ ఆరింటికీ మధ్య. ముందు టకటకా నడుస్తున్న కాజాల మిషను ఆగేది. తరవాత మెత్తగా, మందంగా, లోతులోంచి వచ్చినట్టు చప్పుడు. రెండు, కాస్త ఆగి ఇంకోటి. అరుపు లేదు, ఏడుపు లేదు. చాలాసేపటికి మిషను మళ్ళీ నడిచేది. తన చెవికి అది అడ్డమని, ఆ చప్పుడొచ్చినప్పుడల్లా పిన్ని తన పని ఆపేసి, అది అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచునేది. ఒకరోజు మెట్లమీద మాస్టారితో, "ఏంటి బాబూ, నాకు పోటీ వస్తున్నారా మీ ఇంట్లో?" అని నవ్వుతూ అడిగింది.

మాస్టారూ నవ్వాడు. "మా ఆవిడకి దుమ్ము పడదు పిన్నిగారూ. పరుపు దులుపుతుంటుంది. మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, మాన్పిస్తాను."

"అయ్యో, వద్దు వద్దు" అంది పిన్ని. అక్షరాలా అలాగే అంది. దెబ్బల్లో ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి!

ఒక గురువారం థియేటర్లో పని నడుస్తోంది. సినిమా తీస్తున్నాయన ముప్ఫై అయిదేళ్ళవాడు, మంచివాడే. భార్యల్ని కొట్టే మగాళ్ళని దుమ్మెత్తిపోస్తూ సినిమా తీస్తున్నాడు. తెరమీద ఒకడు పెళ్ళాన్ని వంటగది గోడకి నెట్టి కొడుతున్నాడు. పిన్ని తడి తువ్వాలుతో ఛెళ్ళున ఒకటిచ్చింది. తోలుసంచీతో ధన్‌మని ఇంకోటిచ్చింది. దర్శకుడు తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా పెద్దగా పిన్నీ. హాల్లో జనం కుర్చీల్లోంచి ఎగిరిపడాలి. అప్పుడే తప్పని వాళ్ళకి తెలుస్తుంది."

"ఇంకా పెద్దగా అయితే ఫైటింగులా ఉంటుంది బాబూ" అన్నాడు సౌండింజనీరు. పాతికేళ్ళుగా పిన్నితో పనిచేస్తున్న మనిషి. "ఈలలేస్తారు. మీరు వద్దంటున్నది వాళ్ళు ముచ్చటగా చూస్తారు."

"మరి నిజంగా ఎలా ఉంటుందో అలా చెయ్యండి."

పిన్నీ ఇంజనీరూ మొహాలు చూసుకున్నారు. నిజంగా ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలీదు. ఇన్నేళ్ళలో ఆ అవసరమే రాలేదు. సరే చూద్దామని పిన్ని తువ్వాలూ సంచీ పక్కన పడేసి, మైకు దగ్గరికి జరిగి, చీరమీదుగా తన తొడమీద తనే పిడికిలితో గట్టిగా గుద్దుకుంది. నొప్పికి ఊపిరి ఆగింది. ఇంకోటి గుద్దుకుంది. కాస్త ఆగి, పళ్ళు బిగబట్టి మూడోది.

"వినిపించు" అంది, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుంటూ.

మెత్తగా, మందంగా, లోతులోంచి. రెండు, కాస్త ఆగి ఇంకోటి.

పిన్ని హెడ్‌ఫోను రెండు చేతులతో చెవులకి అదుముకుంది. "మళ్ళీ" అంది. ఇంజనీరు మళ్ళీ వేశాడు. ఆ చప్పుడుకి ముందు కాజాల మిషను ఆగడం కూడా ఆవిడ చెవిలో వినిపించింది. పరుపు దులిపే మనిషి సగం కుట్టిన కాజా వదిలేసి లేస్తుందా? అదీ మాస్టారు క్లాసుకీ క్లాసుకీ మధ్య ఇంటికొచ్చే ఆ ఒక్క గంటలోనే, ఆయన బోర్డు మీద రాసిపెట్టిన గంటలోనే దులుపుతుందా?

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

"ఓరి భగవంతుడా!" అంటూ హెడ్‌ఫోను లాగి పడేసి, చేతిసంచీ అందుకుని, చెప్పులు కాళ్ళకి తగిలించుకుని పరిగెత్తింది. వెనకనుంచి దర్శకుడు ఏదో అంటున్నాడు. వినిపించుకోలేదు.

ఆటో ఎక్కింది. ఆ పిల్లకి ఫోను చేద్దామని సంచీలో చెయ్యి పెట్టాక గుర్తొచ్చింది, నంబరు లేదు. నాలుగు నెలలు గోడకి గోడ ఆనుకుని బతికారు. గుండీల డబ్బా తీసుకుంది గానీ, నంబరు అడగలేదు. మాస్టారి నంబరు మాత్రం ఉంది. ఎంత మర్యాదస్తుడని, అవసరానికి ఉంటుందని రాసుకుంది! సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే డ్రైవరు భుజం పట్టుకుని ఊపేసింది. "దిగి నడవమంటావా ఏం నాయనా?" ఆ కుర్రాడు బెదిరిపోయి సందుల్లోంచి తీశాడు.

మేడ దగ్గర దిగేసరికి ఐదూ ఇరవై. మెట్ల దగ్గర బోర్డు మీద ఆ కాగితం అలాగే ఉంది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు. రెయిలింగు పట్టుకుని ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. రెండో అంతస్తు మలుపులో తన గుమ్మం ముందు పెద్ద టీచరు కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఇవాళ గట్టిగానే వాయిస్తున్నావే మహాతల్లీ" అంది పైకి, మూడో అంతస్తు వైపు.

అని, అలికిడికి కిందికి చూసింది. చూస్తే ఎదురుగా మెట్లమీద పిన్ని. చంకన సంచీ, కాళ్ళకి చెప్పులు, రొప్పుతోంది.

పైనుంచి మళ్ళీ వచ్చింది. రెండు, కాస్త ఆగి ఇంకోటి.

టీచరు చేతిలో పేపరు జారిపోయింది. "నువ్విక్కడున్నావు" అంది. "మరి పైన..."

టీచరు లేచింది. డెబ్భై ఏళ్ళ ఆ మనిషి పిన్నికంటే ముందు పైకెక్కింది.

పిన్ని తలుపు కొట్టింది. లోపల చప్పుడు ఆగింది. తరవాత కాజాల మిషను టకటకా నడిచింది. గుడ్డ మీద నడిచే మిషనుకీ, కింద గుడ్డ లేకుండా ఉత్తినే తిరిగే మిషనుకీ తేడా పిన్నికి తెలుసు. ఇది ఉత్త మిషను. మళ్ళీ కొట్టింది, ఈసారి రెండు చేతులతో.

మాస్టారు తలుపు తీశాడు. చొక్కా మడత నలగలేదు. నుదుటిమీద మాత్రం చెమట. "పిన్నిగారా! రండి రండి. ఇవాళ మీ ప్రాక్టీసు జోరుగా ఉన్నట్టుందే, ఇక్కడికి..." అంటూ అలవాటుకొద్దీ నవ్వబోయాడు. అప్పుడు చూశాడు ఆవిడ చంకలో సంచీని, కాళ్ళకున్న చెప్పుల్ని, వెనక నిలబడ్డ టీచర్ని.

"ఆవిడ ఇప్పుడే నా కళ్ళముందు మెట్లెక్కి వచ్చింది బాబూ" అంది టీచరు. "ఇప్పుడు చెప్పు. ప్రాక్టీసు ఎవరిది?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తలుపు వదల్లేదు. గొంతు తగ్గించి, "ఇది మా ఇంటి విషయం టీచరుగారూ. మొగుడూ పెళ్ళాలమన్నాక సవాలక్ష ఉంటాయి. పెద్దవాళ్ళు, మీకు తెలీనిదా" అన్నాడు.

పిన్ని ఆయన చంక కిందనుంచి లోపలికి దూరింది. ఆ వయసులో అలా దూరగలనని ఆవిడకే తెలీదు. పడగ్గదిలో మిషను ముందు ఆ పిల్ల కూచుని ఉంది. కాలు ఇంకా మిషను తొక్కుతూనే ఉంది. సూది కింద గుడ్డ లేదు. మొహం మీద ఒక్క గీత లేదు. ఎడమచెయ్యి మాత్రం పక్కటెముకల మీద అదుముకుని ఉంది. వాడు కనపడేచోట కొట్టేరకం కాదు.

"ఆపమ్మా. ఇక కుట్టక్కర్లేదు. మా ఇంటికి పద" అంది పిన్ని.

"అది ఎక్కడికీ రాదు" అన్నాడు వెనకనుంచి మాస్టారు. ఇప్పుడు ఆ గొంతులో మెత్తదనం లేదు. పిన్నికి భయం వేసింది. తెరమీద వేలమందిని పడగొట్టిన చెయ్యి, నిజంగా ఒక్కణ్ణి కూడా ఆపగలిగేది కాదు. అది ఆవిడకి తెలుసు. అయినా ఆ పిల్లకీ వాడికీ మధ్య నిలబడింది.

ఈలోగా బయట పెద్ద టీచరు గొంతు విప్పింది. స్కూల్లో ఆరొందల మందిని ఒక్క కేకకి వరసలో నిలబెట్టిన గొంతు అది. "అందరూ పైకి రండి! పిన్ని ప్రాక్టీసు కాదిది! ఈ పిల్లని వీడు కొడుతున్నాడు! రండర్రా!" తలుపులు తెరుచుకున్నాయి. మందుల షాపాయన రెండేసి మెట్లెక్కుతూ వచ్చాడు, ఆయన వెనక ఇంకో నలుగురు. మాస్టారు వాళ్ళని చూసి మళ్ళీ చేతులు కట్టుకున్నాడు. ఈసారి ఎవరూ అది చూసి కరిగిపోలేదు.

ఆ పిల్లని పిన్ని తన చిన్నగదిలోకి తీసుకొచ్చి కూచోబెట్టింది. వరండాలో గొడవ వినిపిస్తోంది. టీచరు పోలీసులకి ఫోను చేస్తోంది. పిన్ని గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆ పిల్ల తాగలేదు. క్యాబేజీని, గుడ్డలో చుట్టిన క్యారెట్లని, కిటికీలో ఉన్న గుండీల డబ్బాని ఒక్కొక్కటే చూసి, గోడ దగ్గర ఆగింది.

"నన్ను కొట్టడం మొదలెట్టగానే గోడకి ఇవతల మీ చప్పుడు ఆగిపోయేది పిన్నీ. ప్రతిసారీ ఆగిపోయేది" అంది. "పిన్ని వింటోంది, ఇవాళ వస్తుంది అనుకునేదాన్ని. పళ్ళు బిగబట్టుకుని మీ తలుపు చప్పుడు కోసం వినేదాన్ని. మీకంటే చెవున్నవాళ్ళు ఎవరున్నారు?"

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పిన్నికి మాత్రం ఆ మాట గుండెలో దిగబడింది. ఆ పిల్ల కాళ్ళ దగ్గర గచ్చుమీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చివరికి ఆ పిల్లే గ్లాసు ఆవిడ చేతికందించి, "తాగండి" అంది.

రెండు పక్కటెముకలు చిట్లాయని ఆసుపత్రిలో చెప్పారు. పోలీసు స్టేషనుకి టీచరు తోడు వెళ్ళింది. ఫిర్యాదు కాయితం రాయించి, ఒక్కొక్క వాక్యం తప్పుల్లేకుండా దిద్ది మరీ సంతకం పెట్టించింది. ఆ పిల్లని వాళ్ళక్క వచ్చి తీసుకెళ్ళింది. బోర్డు మీది కాగితాన్ని టీచరే చింపింది. చింపుతూ, "సినిమాలు చూసి కొట్టడం నేర్చుకుంటారని ఇన్నాళ్ళూ అరిచాను. వీడు సినిమానే చూడడు. చూసినవాళ్ళం మనం. ఆ చప్పుళ్ళకి అలవాటుపడి, ఇంట్లో దెబ్బ వినపడితే పోల్చుకోలేకపోయాం" అంది. పిన్ని తల ఊపింది.

వారం తరవాత థియేటరునుంచి కబురొచ్చింది. ఆ సీను ఇంకా మిగిలే ఉంది. చెయ్యకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని మెత్తగానే చెప్పారు. పిన్ని వెళ్ళింది. తోలుసంచీ ముట్టుకోలేదు, తువ్వాలూ ముట్టుకోలేదు. మైకు ముందు కూచుని, తెరమీద వాడు చెయ్యెత్తినప్పుడల్లా చీరమీదుగా తన తొడమీద తనే గుద్దుకుంది. అయ్యేసరికి కాలు కమిలిపోయింది. దర్శకుడు హెడ్‌ఫోను పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా విన్నాడు. మొహం చిట్లించాడు.

"ఇదేంటి పిన్నీ? దెబ్బల్లా లేవే! ఎవరో పరుపు దులుపుతున్నట్టుంది."

"అవును బాబూ" అంది పిన్ని, పీటమీంచి లేవకుండా. "గోడకి ఇవతల కూచుని నేనూ అలాగే అనుకున్నాను."